మా వరిచేను కూడా ముద్దాయేనా?

భూమి వేడెక్కడానికి కారణాలు రాయమంటే క్లాసులో బొగ్గు, పెట్రోలు, అడవుల నరికివేత అని గబగబా రాసేశాను. మార్కులూ వచ్చాయి. తీరా పుస్తకం తిరగేస్తే అదే జాబితాలో కింద ఇంకొకటి కనబడింది: నీరు నిలవగట్టే వరి పొలాలు. అలాంటి పొలం మాకు రెండెకరాలుంది. నా హాస్టలు ఫీజు దాని మీద వచ్చిందే.

సంక్రాంతి సెలవుల్లో దాళ్వా నాట్లు పడుతుండగా ఈ సంగతి నాన్నగారికి చెప్పాను. "అన్నం పండించడం కూడా నేరమేనంట్రా?" అన్నారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

నిజానికి గ్రీన్‌హౌస్ ప్రభావం చెడ్డదేమీ కాదు. అది లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకి 18 డిగ్రీలు దిగువన ఉండేది. ఎండకి కాగిన నేల పైకి వదిలే వేడిని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు, మీథేను కొంత పట్టి మళ్ళీ కిందికి పంపుతాయి. ఈ వాయువులు వేడిని పట్టుకుంటాయని టిండాల్ 1859లోనే ప్రయోగం చేసి చూపాడు. దుప్పటి మంచిదే, మనం దాన్ని మందం చేస్తున్నాం, అదీ గొడవ. ఫ్యాక్టరీల యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకి 280 ఉన్న కార్బన్ డయాక్సైడు, 1958లో మౌనాలోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేసరికి 315 అయింది. 2024లో 420 దాటింది.

మరి మా చేను చేసిందేమిటి? నీళ్ళు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మురిగిన వరి దుబ్బుల్ని తిని మీథేను వదులుతాయి. మడిలో కాలు పెడితే బుడబుడమని లేచే బుడగల్లో ఉండేది అదే. చిన్నప్పుడు వాటిని చూసి కేరింతలు కొట్టేవాళ్ళం! అయితే ఎక్కువ భాగం వరి కాడల లోపలి ఖాళీల గుండా చడీచప్పుడు లేకుండా పోతుంది. నూరేళ్ళ లెక్కలో టన్నుకి టన్ను చూస్తే ఇది కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 27 రెట్లు వేడి పట్టేది.

కనుక చేను నిర్దోషి అని నేననను. కానీ ముద్దాయిలందర్నీ ఒకే బోనులో నిలబెట్టడం న్యాయమా? మీథేను పది పన్నెండేళ్ళలో విరిగిపోతుంది. బొగ్గు పొగలో కొంత భాగం వేల ఏళ్ళు ఉండిపోతుంది. మా తాతయ్య చేలోంచి లేచిన మీథేను ఏనాడో పోయింది. ఆయన కాలంలో ఇంగ్లండులో కాల్చిన బొగ్గు తాలూకు పొగ ఇంకా మన నెత్తిన ఉంది. ఇవాళ కూడా తలకి అమెరికావాడు ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడు వదిలితే మనం 2 టన్నులు. (కాంటీనుకి కూడా బండి మీద వెళ్ళే మిత్రులు ఈ సగటు చాటున దాక్కోవద్దని మనవి.)

అలాగని చేతులు దులుపుకోవడమూ నాకు నచ్చదు. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం మట్టికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్ళీ నీరు పెట్టే పద్ధతి ఒకటుంది. మీథేను బాగా తగ్గుతుంది. నాన్నగారు విని నవ్వారు. "మన చేను ఆరాలంటే పైవాడి చేను ఆరాలి. కిందివాడికి నీళ్ళు మన చేలోంచే పోవాలి. వంతు తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తాయో! నీళ్ళు తీస్తే లేచే కలుపుకి కూలి నువ్విస్తావా?" అన్నారు. ఈ నాలుగు మాటలు నా పుస్తకంలో లేవు. రైతు మారాలని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ముందు ప్రతి చేనుకీ విడిగా బోదె తవ్వించి, వంతు ఖాయం చేస్తే బావుంటుంది.

చివరికి బోదె పక్కనున్న పది సెంట్లు నాకు వదిలారు. గొట్టం పాతి వచ్చాను. దిగుబడి తగ్గితే ఆ మేరకు నా మెస్సు బిల్లులో కోత పెడతానన్నారు. చేను కోతకింకా నెల ఉంది.