పండగ అయ్యాక వెళ్దాం

అనంతపురం పల్లెలకు జనవరిలో వెళ్ళాలంటాను నేను. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల అది. వేరుశనగ కోతలు అయిపోయి చేలు ఎర్రగా ఖాళీగా ఉంటాయి. కూలి కోసం బెంగళూరు పోయినవాళ్ళ ఇళ్ళకు తాళాలు. అరుగుల మీద ముసలివాళ్ళు ఎండ కాగుతూ కూర్చుంటారు.

దాచడమెందుకు, ఇన్నేళ్ళూ నేనూ క్రిస్మస్ వారంలోనే వెళ్ళి, కేకు తిని వచ్చేసేవాణ్ణి. ఆ సందడిలో ఎవరు ఒంటరో ఎలా తెలుస్తుంది? మొన్న కళ్యాణదుర్గం వైపు ఒక అవ్వ నన్ను చూసి, "ఇప్పుడొచ్చినారే అయ్యగారూ, పండగ అయిపాయ కదా!" అంది.

పది నిమిషాలనుకున్నది సాయంత్రమైంది. కొడుకు గురించే చెప్పింది. లేస్తుంటే ఆపి, విత్తనానికి దాచిన కాయల్లోంచి గుప్పెడు తీసి వేయించి పెట్టింది.