నీళ్ల పొయ్యి బయటెందుకు ఉండేది?

దసరా పోయి దీపావళి వస్తోందంటే మనం దుప్పట్లు ఎండకేస్తాం, స్వెటర్లు తీస్తాం, పగిలే కాళ్లకు వ్యాజ్‌లైన్ తెచ్చిపెట్టుకుంటాం. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఉడుకు నీళ్లిచ్చే గీజర్‌ను మాత్రం ఎవరూ చూడరు. స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగిందా, బాగున్నట్టే. ఈ పద్ధతి నాకు నచ్చదు.

మా అమ్మ ఇంట్లో నీళ్ల పొయ్యి వాకిట్లో ఓ మూలన ఉండేది. వానలు తగ్గగానే దానికి మళ్లీ మట్టి మెత్తి అలికేది. కాగును చింతపండు పెట్టి తోమి, అడుగు కారుతోందేమోనని నీళ్లు పోసి చూసేది. ఎండాకాలం ముందు పీకిన పత్తికట్టె కొట్టంలో తడవకుండా పేర్చి ఉండేది. పరకాల చుట్టుపక్కల పత్తికట్టెకు కరువేముంది! ఇదంతా ఎవరూ చెప్పకుండానే జరిగేది. ఎందుకంటే ఆ పొయ్యి పొగ పెట్టేది, కళ్లు మండించేది, దాని సంగతి మరచిపోనిచ్చేది కాదు. పొగ కోసమే దాన్ని బయట పెట్టుకున్నారు.

ఇప్పుడు పొగ కనబడని మంటను బాత్రూంలోకి తెచ్చుకున్నాం. గ్యాస్ గీజర్ గురించే చెబుతున్నాను. ధర తక్కువ, కరెంటు బిల్లు రాదు, క్షణంలో ఉడుకు నీళ్లు. కానీ అది ఆ చిన్న గదిలోని గాలినే తీసుకుని మండుతుంది. చలి వస్తోందని కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి, లోపల గడియ వేసుకుంటాం. గాలి చాలకపోతే గ్యాస్ సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటును అది రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, కడుపులో తిప్పుతుంది, కాళ్లు సత్తువ లేకుండా అయిపోతాయి. పరగడుపున నీళ్లు పోసుకుంటే కళ్లు తిరిగాయిలే అనుకుంటాం. అనుకునేలోపే పడిపోయే ప్రమాదం ఉంది, తలుపుకేమో లోపలి గడియ.

"వాసనొస్తే తెలుస్తది కదా" అంటారు. సిలిండర్ గ్యాసులో ఆ వాసన కలిపేది లీకైతే తెలియడానికి. కాలిన తర్వాత పుట్టే దానికి ఆ వాసన ఉండదు. గ్యాస్ గీజర్ పెట్టుకోవాలంటే బయటి గోడకు బిగించి, నీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. అట్లా వీలుకాని ఇంట్లో అది వద్దే వద్దని నా మాట. బయట ఉన్నదైనా మంట నీలంగా కాకుండా పచ్చగా వస్తుంటే మెకానిక్‌ను పిలవాల్సిందే.

ఇంకోటి కుంపటి. పోయిన చలికాలం మా బంధువులింట్లో బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు బిగించారు. వద్దంటే మా చిన్నత్తమ్మకు కోపమొచ్చింది. "మేం పిల్లల్ని కనలేదా, కుంపటి పెట్టుకోలేదా?" అన్నది. పెట్టుకున్నారు, నిజమే. కానీ చిన్నత్తమ్మా, మీరు కన్నది గూన పెంకుల ఇంట్లో. పెంకుల సందుల్లోంచి ఆకాశం కనబడేది, తలుపు చెక్కల మధ్య వేలు పట్టేది. ఇప్పుడు పైన స్లాబు, కిటికీలకు అద్దాలు. కుంపటి అదే, ఇల్లు అది కాదు. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నప్పుడు కూడా ఆ విషవాయువు వస్తూనే ఉంటుంది. నిప్పులు ఇంటి బయటే ఉండనివ్వండి. పసిబిడ్డకు టోపీ, సాక్సులు వేసి, తల్లి ఒంటికి ఆనించి పట్టుకోమనండి. అంతకు మించిన వేడి ఏ కుంపటిలో ఉంది?

మా అక్క కూతురు షికాగో దగ్గర ఉంటుంది. వాళ్లకు ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ నేలమాళిగలో ఉంటుంది. ఆ అమ్మాయి అక్టోబరులోనే ఫిల్టరు మారుస్తుంది, మనిషిని పిలిపించి మంటా, పొగ బయటికి పోయే గొట్టమూ చూపిస్తుంది. ఇల్లినాయిలో 2007 జనవరి 1 నుంచి పడుకునే గదికి 15 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని చట్టం. అంత మంచు దేశంలో భయం ఎక్కువ కాబట్టి అనకండి. గాలి ఆడని గది షికాగోలోనైనా పరకాలలోనైనా ఒకటే. ఆ అలారాలు మనకూ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

కరెంటు గీజర్‌కు ఈ విషవాయువు బాధ లేదు గానీ బోరు నీళ్ల బాధ ఉంది. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే ట్యాంకులోనూ పేరుకుంటుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, మీటరు తిరుగుతుంది. ఏడాదికోసారి విప్పించి కడిగించాలి. లోపలి మెగ్నీషియం కడ్డీ ట్యాంకు బదులు తాను తుప్పు పట్టేది. అది అరిగిపోతే మార్పించాలి. సేఫ్టీ వాల్వు, ఎర్తింగు చూపించాలి. ఇక బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాగాయా అని వేలు ముంచి చూసేవాళ్లకు ఏం చెప్పను? ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకండి తల్లీ.

ఇవన్నీ మగవాళ్లు చూసుకుంటారని ఆగకండి. "నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు" అనేది వాళ్ల మాట. పొద్దున ముందుగా బాత్రూంలోకి పోయేది మనం, పిల్లల్ని పంపేదీ మనమే. డిసెంబరు వచ్చాక హన్మకొండ దాకా ఫోన్లు చేసినా మెకానిక్ దొరకడం కష్టం. బతుకమ్మ సామాన్లకు బజారుకు పోయిన రోజే చెప్పి రండి.