పుట్ట మాటా వినాలి, మీటరు మాటా వినాలి

బోరు పడకపోతే నష్టం డ్రిల్లింగు ఖర్చుతో పోదు. తెచ్చిన అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇంకో చోట దించుదామన్న ఆశ ఇంకో అప్పు చేయిస్తుంది. అందుకే ‘నీరెక్కడుంది?’ అన్నది రెండెకరాల రైతుకు బతుకు ప్రశ్న.

ఊళ్లో పెద్దల లెక్క ఒకటుంది. గెడ్డ వార ఏరుమద్ది, ఎండల్లోనూ పచ్చగా ఉండే నేరేడు, దాని పక్కన పుట్ట కనిపిస్తే కింద నీరుందంటారు. ఇది నిన్నటి మాట కాదు. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లు, పుట్టలను బట్టి నీటిజాడ పట్టడంపై ఒక అధ్యాయం రాశాడు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర ఆచార్యులు ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని నేటి శాస్త్రంతో సరిపోల్చి పరిశీలించారు.

ఇందులో సబబు లేకపోలేదు. తడి లేనిదే చెదలు బతకవు. కింది తడిమట్టిని పైకి మోసి పుట్ట కడతాయి. అయితే ఒక్క సంగతి మరిచిపోకూడదు. ఆ గుర్తులు నేలబావుల కాలంనాటివి. పుట్ట చెప్పేది పైపొరలోని తేమ గురించే. రెండు వందల అడుగుల కింద రాతిలో పగులుందో లేదో దానికేం తెలుసు?

అక్కడ జియాలజిస్టు కావాలి. మన కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైటు, చార్నోకైటు రాయి. రాయి బాగా కుళ్లిన చోట పైపొరలో నీరు నిలుస్తుంది. గట్టిరాయిలో పగుళ్లుంటేనే నీరు. పక్కపక్క గరువుల్లోనే ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడానికి కారణమిదే. రెసిస్టివిటీ మీటరు ఈ తేడాను అంచనా కట్టగలదు. అదీ అంచనాయే సుమా! ఇక అరచేతిలో కొబ్బరికాయ లేచిందని బోరు దించడమంటే జూదమే.

ఖొండలైటుకు ఆ పేరు కొండల్లోని ఖోండు గిరిజనుల మీద 1902లో పెట్టారు. రాయి పుస్తకాలకెక్కింది గాని, అదే కొండల్లో పుట్టి పెరిగినవారి నేల ఎరుక చాలామట్టుకు ఎక్కలేదు. ఆ పని చేయదగినవాళ్లు మన పిల్లలే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. భూగర్భశాస్త్రం చదివే రైతుబిడ్డ, సవర, జాతాపు బిడ్డ తమ ప్రాజెక్టు సొంత ఊరి బావుల మీదే చేయాలి. పెద్దలు చెప్పిన గుర్తులు రాసుకోవాలి. పడిన బోర్లతో పాటు పడని బోర్లూ లెక్కలోకి తేవాలి. మీటరు పెట్టి రెంటినీ సరిచూడాలి. ఏ గుర్తు నిలిచిందో, ఏది తేలిపోయిందో తెలుగులో రాసి గ్రామసభలో చదవాలి. డిగ్రీ చేతికొచ్చాక ఊరిని మరిచిపోతే ఆ చదువు మనకెందుకు?

రైతులూ ఊరకే కూర్చోకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి ఏడు కరవు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, ఆ లెక్కను బట్టి పంటలు ఎంచుకునే పథకం నడిచింది. వాళ్లు చేసింది మనమూ చేయగలం. తాడుకు రాయి కట్టి నెలకోసారి బావి లోతు కొలిచి నోటుబుక్కులో రాయండి. పైసా ఖర్చు లేదు. రేపు మీ ఊరొచ్చే విద్యార్థికి అంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు.