శిబిరంలోని స్త్రీకి ఎవరు జవాబుదారి?

వరద వచ్చినా, అల్లర్లు చెలరేగినా, యుద్ధం ఊళ్లను ఖాళీ చేయించినా సహాయం అందించేవారి మొదటి లెక్క ఒకే విధంగా ఉంటుంది. ఎన్ని బస్తాల బియ్యం, ఎన్ని టార్పాలిన్లు, ఎన్ని దుప్పట్లు? ఆ లెక్క అనవసరమని మేము అనడం లేదు. అయితే ఆ లెక్కలోకి రాని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. చీకటి పడిన తర్వాత మరుగుదొడ్డి దాకా నడిచే స్త్రీకి దారిలో దీపం ఉన్నదా? ఆ తలుపుకు లోపలి నుంచి గడియ ఉన్నదా? భర్తను పోగొట్టుకున్న స్త్రీ పేరు రేషన్ జాబితాలో ఎక్కడ ఉన్నది? ఆమెపై అఘాయిత్యం జరిగితే ఆ రాత్రి ఆమె ఎవరి తలుపు తట్టాలి?

ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడం నేడు ఒక ప్రత్యేక వృత్తిగా రూపొందింది. విపత్తులు, యుద్ధాలు, నిర్వాసిత శిబిరాలలో స్త్రీలపై జరిగే హింసను పరిశీలించి నివారణ మార్గాలు సూచించేందుకు ఐక్యరాజ్యసమితి సంస్థలు, అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలు కన్సల్టెంట్లను నియమిస్తున్నాయి. ఒప్పందం కొన్ని వారాలు, లేదా కొన్ని నెలలు. వారు శిబిరాన్ని చూస్తారు, స్త్రీలతో మాట్లాడతారు, సిబ్బందికి శిక్షణ ఇస్తారు, నివేదిక సమర్పించి వెళ్లిపోతారు. ఈ పని అవసరమా అంటే ముమ్మాటికీ అవసరమే. మా ప్రశ్న వేరు. ఆ కన్సల్టెంటు చివరికి ఎవరికి జవాబుదారి? రుసుము చెల్లించిన సంస్థకా, మనసు విప్పి మాట చెప్పిన స్త్రీకా?

కాక్స్ బజార్ చెప్పే పాఠం

2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు చేరుకున్నారు. మయన్మార్ సైన్యం సామూహిక అత్యాచారాలకు పాల్పడిందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి నియమించిన స్వతంత్ర నిజనిర్ధారణ మిషన్ నమోదు చేసింది. ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటిన స్త్రీలకు కుటుపాలాంగ్ కొండవాలుల్లో వెదురు బొంగులు, టార్పాలిన్ గుడిసెలు దొరికాయి. భద్రత మాత్రం అంత తేలికగా దొరకలేదు.

హడావుడిగా కట్టిన మరుగుదొడ్లు చాలావరకు స్త్రీపురుషులకు ఉమ్మడిగా ఉండేవి. దీపాలు లేవు, గడియలు లేవు. పగటిపూట బయటికి వెళ్లవలసి వస్తుందని స్త్రీలు నీళ్లు తాగడం తగ్గించుకున్నారు. బ్లాకుకొక ప్రతినిధిగా నియమితులైన 'మాఝీ'లు దాదాపు అందరూ పురుషులే. తొలి రోజుల్లో జాబితాలు, పంపిణీలు వారి చేతుల మీదుగానే నడిచాయి. మగదిక్కు లేని స్త్రీ తన బియ్యం కోసం కూడా ఒక పురుషుని దయ మీద ఆధారపడవలసి వచ్చింది. వంటచెరకు కోసం స్త్రీలు, పిల్లలు అడవిలోకి వెళ్లేవారు. ఆ దారిలో ఏమి జరిగేదో చెప్పుకునే చోటు లేదు.

2018లో గ్యాస్ సిలిండర్ల పంపిణీ మొదలైంది. అడవిని కాపాడడం, పొగను తగ్గించడం దాని ఉద్దేశాలు. దానితో పాటు కట్టెల కోసం అడవికి వెళ్లవలసిన అవసరమూ బాగా తగ్గింది. ఇక్కడ గమనించవలసిన సత్యం ఒకటి ఉన్నది. స్త్రీల రక్షణ అనేది అన్నం, నీళ్లు, గూడు సమకూరిన తర్వాత తీరికగా చేపట్టే వేరే పథకం కాదు. అన్నం ఎలా పంచుతాము, నీటి కుళాయి ఎక్కడ పెడతాము, పొయ్యి దేనితో వెలిగిస్తాము అనే వాటిలోనే అది ఉన్నది.

గడియ, దీపం, 72 గంటలు

ఈ సత్యాన్ని ప్రపంచానికి తెలియజెప్పడంలో ఈ రంగంలోని నిపుణుల కృషి చిన్నది కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు, ఇతర సహాయ సంస్థలు కలసి 2005లో రూపొందించి 2015లో సవరించిన మార్గదర్శకాలలో ఒక సూత్రం ఉన్నది. హింస జరుగుతున్నదనడానికి లెక్కలు, సాక్ష్యాలు చేతికి అందేదాకా ఆగవద్దు. జరుగుతున్నదనే భావించి మొదటి రోజు నుంచే ఏర్పాట్లు చేయండి అన్నదే ఆ సూత్రం. 'మా దగ్గరకు ఫిర్యాదేమీ రాలేదు' అనే జవాబుకు అలవాటు పడిన కార్యాలయాలకు ఇది కొత్త మాట. ఫిర్యాదు రాకపోవడానికి నేరం జరగకపోవడమే కారణం కానక్కరలేదు. చెప్పుకునే చోటు లేకపోవడమూ కారణమే.

అంతర్జాతీయంగా గుర్తింపు పొందిన స్ఫియర్ ప్రమాణాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. ఉమ్మడి మరుగుదొడ్లు కనీసం 20 మందికి ఒకటి ఉండాలి. నివాసానికి 50 మీటర్లు మించిన దూరంలో ఉండరాదు. పురుషులకు ఒకటి ఉంటే స్త్రీలకు మూడు ఉండాలి. లోపలి గడియ, వెలుతురు తప్పనిసరి. వైద్యం విషయంలోనూ కాలమే ప్రాణం. అత్యాచారానికి గురైన స్త్రీకి హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. అవాంఛిత గర్భాన్ని నివారించే మందు 120 గంటల లోపు ఇవ్వాలి. ఆ గడువు దాటిన తర్వాత ఎంత గొప్ప నివేదిక రాసినా ఆమెకు ఒరిగేది లేదు.

ఒప్పందం ముగిసిన తర్వాత

మరి లోపం ఎక్కడ ఉన్నది? ఒప్పందం రాసే పద్ధతిలో ఉన్నదని మా అభిప్రాయం. దశాబ్దాల పాటు ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాలు నడిపిన మాబోటివారికి ఒక సంగతి బాగా తెలుసు. ఏ పనికి పట్టికలో గడి ఉంటుందో ఆ పనే జరుగుతుంది. కన్సల్టెంటు ఒప్పందంలో నివేదికకు గడి ఉంటుంది. శిక్షణ పొందినవారి సంఖ్యకు గడి ఉంటుంది. మాట్లాడిన స్త్రీల సంఖ్యకూ ఉంటుంది. ఆ స్త్రీలకు తర్వాత ఏమి జరిగిందో రాసే గడి చాలాచోట్ల ఉండదు.

ఫలితంగా ఒకే శిబిరానికి ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఒకే స్త్రీని అవే ప్రశ్నలు అడుగుతారు. మానుతున్న పుండును ప్రతివారూ మళ్లీ కెలికి చూస్తారు. చికిత్స, ఆసరా అందుబాటులో లేనిచోట బాధితుల నుంచి వివరాలు సేకరించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే స్పష్టం చేసింది. సేవ లేని సర్వే అదనపు హింసే అవుతుంది.

భాష మరొక అడ్డుగోడ. చిట్టగాంగ్ ప్రాంతపు మాట రోహింగ్యా భాషకు దగ్గరగా ఉంటుంది కాని అదే కాదు. శరీరం గురించి, అవమానం గురించి స్త్రీలు తమలో తాము వాడుకునే మాటలు దుబాసీకి తెలియకపోతే, లేదా ఆ దుబాసీ పురుషుడైతే, ఆమె చెప్పినది ఒకటి, కాగితానికి ఎక్కినది మరొకటి అవుతుంది.

జవాబుదారీ లేని తాత్కాలిక నియామకాలు ఎంత ప్రమాదకరమో కాంగో దేశం చూపింది. 2018 నుంచి 2020 వరకు అక్కడి తూర్పు ప్రాంతంలో ఎబోలా వ్యాధిని అరికట్టేందుకు వెళ్లిన సిబ్బందిలో కొందరు ఉద్యోగాల ఆశ చూపి స్త్రీలను లోబరచుకున్నారు. 2021 సెప్టెంబరులో వెలువడిన స్వతంత్ర కమిషన్ నివేదిక 83 మంది ఆరోపితులను గుర్తించింది. వారిలో 21 మంది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించుకున్నవారే. పశ్చిమాఫ్రికా శిబిరాలలో ఆహారాన్ని ఎరగా చూపిన ఉదంతాలు 2002లో బయటపడిన పిదప, సిబ్బంది లైంగిక దోపిడీని నిషేధిస్తూ ఐక్యరాజ్యసమితి 2003లోనే ఉత్తర్వు జారీ చేసింది. నియమం పుట్టి 15 ఏళ్లు గడిచినా స్త్రీకి ఫిర్యాదు చేసే చోటు కరవైంది. రక్షించడానికి వచ్చినవారిని ప్రశ్నించే హక్కు రక్షణ పొందేవారికి లేకపోతే నియమం కాగితంగానే మిగులుతుంది.

స్థానిక స్త్రీల సంఘాల సంగతి చూడండి. విపత్తు రాకముందు వారు అక్కడే ఉన్నారు, పోయిన తర్వాతా అక్కడే ఉంటారు. మానవతా సహాయ నిధులలో 25 శాతం 2020 నాటికి స్థానిక సంస్థలకు సాధ్యమైనంత నేరుగా అందాలని 2016లో ఇస్తాంబుల్ సమావేశం సందర్భంగా దాతలు ఒప్పుకున్నారు. ఆ గడువు దాటిపోయింది, లక్ష్యం నెరవేరలేదు. 2025లో అమెరికా తన విదేశీ సహాయాన్ని కుదించిన తర్వాత నిధులకు మరింత కటకట ఏర్పడింది. ఉన్న కొద్ది డబ్బును ఎక్కడ ఖర్చు చేయాలన్నది ఇప్పుడు మరింత సూటిగా అడగవలసిన ప్రశ్న.

ముజఫ్ఫర్‌నగర్: మన గడ్డ మీది పాఠం

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల సంగతి అనుకోవడానికి మనకు వీలు లేదు. 2013 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫ్ఫర్‌నగర్, షామ్లీ జిల్లాలలో జరిగిన అల్లర్లలో 60 మందికి పైగా మరణించారు. 50 వేల మందికి పైగా నిర్వాసితులయ్యారు, వారిలో అత్యధికులు ముస్లింలు. మదర్సాలు, ఈద్‌గాహ్‌లు, ఖాళీ స్థలాలు శిబిరాలయ్యాయి. వాటి భారాన్ని ప్రధానంగా మోసినది సముదాయమే. అన్నం పెట్టినవారి సేవ మరువరానిది.

ఏడుగురు స్త్రీలు తమపై సామూహిక అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేశారు. ఫిర్యాదులు నమోదయ్యేసరికి వారాలు గడిచాయి. వైద్య సాక్ష్యానికి విలువ ఉండే గంటలు అప్పటికే దాటిపోయాయి. గ్రామాలకు తిరిగి రామని ప్రమాణపత్రం రాయించుకుని ప్రభుత్వం కుటుంబానికి 5 లక్షల రూపాయల చొప్పున ఇచ్చింది. 'కుటుంబం' అన్నప్పుడు యజమాని పేరే రిజిస్టరుకెక్కుతుంది. ఆ కుటుంబంలోని స్త్రీ ఏమి పోగొట్టుకున్నదో, ఆమెకు ఏమి కావాలో ఆ రిజిస్టరు అడగలేదు.

అదే ఏడాది సవరించిన శిక్షాస్మృతిలో మతకలహాల సమయంలో జరిపే అత్యాచారం ప్రత్యేక నేరంగా చేరింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ 64వ సెక్షన్ కింద ఆ నిబంధన కొనసాగుతున్నది. ఆ నిబంధన కింద ముజఫ్ఫర్‌నగర్ కోర్టు 2023 మేలో ఇద్దరికి 20 ఏళ్ల జైలు శిక్ష విధించింది. బెదిరింపులను, వాయిదాలను తట్టుకుని ఒక స్త్రీ దాదాపు పదేళ్లు నిలబడితే వచ్చిన తీర్పు అది. ఏడుగురిలో ఆమె ఒక్కరు. శిబిరం తొలి వారంలోనే ఒక మహిళా వైద్యురాలు, ఒక మహిళా న్యాయవాది, గుట్టు కాపాడే ఒక గది ఏర్పాటై ఉంటే మిగిలినవారి దారి కూడా ఇంత కఠినంగా ఉండేది కాదని మేము నమ్ముతున్నాము.

మన హైదరాబాద్ నగరంలోని బాలాపూర్ పరిసరాలలో వేలాది రోహింగ్యాలు నివసిస్తున్నారు. 1951 శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. పత్రాల భయంతో బతికే స్త్రీ పోలీసు స్టేషను మెట్లు ఎక్కడానికి వెనుకాడుతుంది. కాని అత్యాచార బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచిత చికిత్స అందించాలని నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఆదేశిస్తున్నది. ఆ సెక్షన్ పౌరసత్వం అడగదు. పోలీసులకు తెలియజేయాలని కూడా అదే సెక్షన్ చెబుతున్నది కనుక ఆమె పక్కన నమ్మకస్తురాలైన ఒక మనిషి ఉండడం మరింత అవసరం.

చేయవలసినది

సంస్థలను మేము కోరేది మూడు విషయాలు. ఒకటి, కన్సల్టెంటు ఒప్పందంలో స్థానిక మహిళా కార్యకర్తకు జీతమిచ్చే భాగస్వామ్యం ఉండాలి. పని ముగిసేసరికి ఆ నైపుణ్యం శిబిరంలోనే మిగలాలి. రెండు, నివేదిక సారాంశాన్ని మాట చెప్పిన స్త్రీలకు వారి భాషలో, నోటితో వినిపించాలి. చదువు రానివారికి ముద్రించిన పుస్తకం ఎందుకు? మూడు, ఆరు నెలల తర్వాత ఎన్ని గడియలు బిగించారో, ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో, ఎంతమందికి సకాలంలో చికిత్స అందిందో లెక్క చూడాలి. చివరి విడత చెల్లింపు దానిపై ఆధారపడి ఉండాలి. బాధితురాలి పేరు మాత్రం ఆమె అనుమతి లేనిదే ఏ లెక్కలోకీ ఎక్కరాదు.

మన సంఘాలు కన్సల్టెంటు కోసం ఎదురుచూడవలసిన పని లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినపుడు ఎన్నో సంఘాలు ఆహార పొట్లాలతో ముందుకు వచ్చాయి. అదే చొరవతో మరికొన్ని పనులు ముందే సిద్ధం చేసుకోవచ్చు. ప్రతి సహాయ కమిటీలో స్త్రీలు కనీసం సగం ఉండాలి. పేరుకు కాదు, తాళం చెవి, జాబితా వారి చేతిలో ఉండేటట్లు. వితంతువులు, ఒంటరి స్త్రీల పేర్లు రేషన్ పట్టికలో వారి పేరనే రాయాలి. శానిటరీ ప్యాడ్లు, టార్చిలైట్లు బియ్యంతో పాటే వెళ్లాలి. దగ్గరలోని సఖి కేంద్రం చిరునామా, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు స్త్రీలు మసలే చోట రాసి ఉంచాలి. ఫిర్యాదు మన కార్యకర్త మీదనే వస్తే విచారించేది ఎవరన్నది ముందుగానే తీర్మానించుకోవాలి.

'ఇంటి పరువు బజారున పడుతుంది' అనే మాట ఇంకా మన పెద్దల నోట వినిపిస్తూనే ఉన్నది. దానికి మా సమాధానం ఒక్కటే. పరువు పోవలసినది అఘాయిత్యం చేసినవానిది, భరించిన ఆమెది కాదు. మైనారిటీల హక్కుల కోసం రాజ్యాన్ని నిలదీసే మనకు, మన శిబిరంలోని స్త్రీ మనలను నిలదీసే హక్కును గుర్తించవలసిన బాధ్యత ఉన్నది. బియ్యం బస్తాల లెక్క చదివిన సభలోనే గడియల లెక్క, దీపాల లెక్క కూడా చదవండి. అడిగేది ఆమె, జవాబు చెప్పవలసినది మనము.