పేరున్న పుస్తకం, పేరులేని ఉత్తరం

తిరుపతి విశాలాంధ్ర పుస్తకాల షాపులో ఒకప్పుడు మాస్కో తెలుగు పుస్తకాలు చవగ్గా దొరికేవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, లోపలి పేజీలో ప్రచురణాలయం పేరు, అనువాదకుడి పేరు. మన కడప రాచమల్లు రామచంద్రారెడ్డి కూడా మాస్కో వెళ్లి ఆ పని చేసినవారే. ఆ పుస్తకాల్లో సోవియట్ ప్రచారం ఉంది, కాదనలేం. కానీ చెబుతున్నదెవరో తెలిసే చదివాం.

1983 జులైలో ఢిల్లీ పత్రిక ‘పేట్రియాట్’లో వచ్చిన ఉత్తరం అలాంటిది కాదు. ఎయిడ్స్‌ను పుట్టించింది అమెరికా సైన్యమేనని అందులో రాశారు. రాసినవారి పేరు లేదు, ఓ అమెరికా శాస్త్రవేత్త అని తప్ప. రెండేళ్ల తర్వాత మాస్కో వారపత్రిక ఒకటి, భారత పత్రికే రాసిందంటూ దాన్ని ఎత్తుకుంది. అక్కడినుంచి పదుల దేశాలకు పాకింది. అందులో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ చెయ్యి ఉందని రష్యా గూఢచారి సంస్థ అధిపతి ప్రిమకోవ్ 1992లో గానీ ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ పనికి కేజీబీ అక్కర్లేదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే పార్థీ ముఠా దిగిందన్న వాట్సాప్ పుకార్లకు చిత్తూరు పల్లెలు వణికిపోయాయి. సరిహద్దు అవతల తిరువణ్ణామలై జిల్లాలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి ఓ వృద్ధురాలిని కొట్టి చంపారు. ఎన్నికల కల్పితాలూ ఇదే దారిన వస్తాయి. పంపింది చిన్నాయనో బావమరిదో గనుక నమ్మేస్తాం. మొదట రాసిందెవరని అడగం. అందుకే పార్టీలు తమ సోషల్ మీడియా విభాగాలు వదిలే ప్రతి సందేశం మీదా తమ పేరు వేయాలి. వచ్చే ఎన్నికలకు ముందే వేయాలి.