రేకు పెట్టెలోని ఎలుగుబంటి

బొమ్మల చలనచిత్రాలలో ఎలుగుబంటి చాలాకాలంగా నవ్వించే పాత్ర. 1967లో డిస్నీ సంస్థ తీసిన ‘జంగిల్ బుక్’లోని బాలూ అయినా, 1969లో మాస్కోలో ఫ్యోదర్ ఖిత్రుక్ రూపొందించిన విన్నీ అయినా, తిండిమీద మక్కువ, పాటమీద సరదా చూపిస్తే చాలుననుకొన్నాము. ఇంతకు మించి వాటిని మనం అడిగినది లేదు. 2014లో చిలీ దేశం నుండి వచ్చిన ‘ఒక ఎలుగుబంటి కథ’ ఆ వరుసలో చేరేది కాదు. నిడివి పది నిమిషాలకు కొంచెం పైన. సంభాషణలు లేవు.

అందులో ఒక ముసలి ఎలుగు ఒంటరిగా కాలం వెళ్ళబుచ్చుతూ రేకుతో చిన్న చిన్న బొమ్మలు చేస్తుంది. వాటిని మరలతో నడిచే పెట్టెలో అమర్చి వీథి మూలకు తీసుకొనిపోతుంది. మన తిరునాళ్ళలోని బయస్కోపు పెట్టెను ఎరిగినవారికి ఈ దృశ్యం క్రొత్త కాదు. ఒక పిల్ల ఎలుగు నాణెం వేసి, కన్ను ఆనించి చూడగానే లోపల కథ ఆరంభమవుతుంది. భార్యాబిడ్డలతో సుఖంగా ఉన్న ఒక ఎలుగు ఇంటిపై సర్కసువారు విరుచుకొనిపడి, దానిని ఈడ్చుకొనిపోతారు. ఆట ఆడిస్తారు. ఎన్నాళ్ళకో అది తప్పించుకొని ఇల్లు చేరుతుంది; ఆలుబిడ్డలను మళ్ళీ కలుసుకొంటుంది. ఆ కలయిక పెట్టెలో మాత్రమే. పెట్టె భుజాన వేసుకొన్నవానికి అది దక్కినట్లు చిత్రం ఎక్కడా చెప్పదు.

ఇది కంప్యూటరుపై గీసిన చిత్రమే అయినా, లోపలి బొమ్మలు నిజమైన రేకుబొమ్మల వలె బిరుసుగా, కుదుపులతో కదులుతాయి. బాధను ఆ కుదుపులే చెబుతాయి. కన్నీరు కార్పించవలసిన పని లేకపోయినది.

దర్శకుడు గాబ్రియేల్ ఒసోరియోకు ఈ కథ ఇంటిలోనే దొరికినది. 1973 సెప్టెంబరు 11న చిలీ సైన్యం అధ్యక్షుడు సాల్వదోర్ అయ్యెందే ప్రభుత్వాన్ని కూలద్రోసినది. గాబ్రియేల్ తాత లియోపోల్దో రెండేళ్ళు చెరసాలలో ఉండి, అనంతరం ఇంగ్లండుకు ప్రవాసం పోవలసివచ్చినది. 1984లో పుట్టిన మనుమనికి, తాత ఉన్నాడన్న సంగతి తెలుసును. ఆయన చెంత పెరిగే భాగ్యం లేదు. పిల్లలు సర్కసు కథగా చూసేదానిని చిలీ దేశపు పెద్దలు మరొక విధంగా చూడడంలో వింత లేదు.

ముక్కుత్రాటితో ఎలుగును ఆడించడం మన దేశం కూడా ఎరిగినదే. తెలుగు పల్లెలలో తల్లులు బిడ్డలను దాని వీపుపై కూర్చుండబెట్టేవారు, వెంట్రుకను తాయెత్తులో కట్టించేవారు. ఆ జంతువు ఏ తల్లి నుండి ఎత్తుకొనిరాబడినదో అడిగినవారు అరుదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కూడా ఆ ఆట వీథుల నుండి తొలగడానికి 2009 దాకా పట్టినది.

2016 ఫిబ్రవరిలో ఆస్కార్ లఘు యానిమేషన్ బహుమతికి పోటీపడిన అయిదింటిలో, పిక్సార్ సంస్థలో సంజయ్ పటేల్ తీసిన చిత్రం కూడా ఉన్నది. తండ్రి పూజామందిరానికీ, కుమారుని టీవీకీ నడుమ సాగే భారతీయ కుటుంబ కథ అది. గెలిచినది శాంతియాగోలోని పంక్‌రోబోట్ అనే చిన్న స్టూడియో. చిలీ దేశానికి అదే మొదటి ఆస్కార్. వేదికపై నిలిచిన గాబ్రియేల్ దానిని తన తాతకూ, ఆయన వలె దేశం విడిచిపోవలసివచ్చినవారికీ అంకితం చేశాడు.