తరగతి మారింది.. చదువు మారిందా?

పదో తరగతికి ముందు మీరెప్పుడైనా ఫెయిలయ్యారా? ఇప్పుడు బీటెక్ ఫైనలియర్‌లో ఉన్నవాళ్లలో దాదాపు ఎవరూ అయ్యుండరు. అది మన తెలివి కాదు, చట్టం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అందులోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవర్నీ అదే క్లాసులో మళ్లీ కూర్చోబెట్టకూడదు. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన బ్యాచ్ 2020లో పది పూర్తిచేసింది. కొవిడ్ వల్ల ఆ ఏడాది మన రాష్ట్రంలో పది పరీక్షలే లేవు, అందరూ పాస్. 2021లోనూ అంతే. అంటే మీలో కొందరిని స్కూలు చదువులో ఎవరూ, ఎక్కడా ఆపలేదు. మొదటిసారి ఆపేది కంపెనీ రాతపరీక్షే కావచ్చు.

'అందుకే ఫెయిల్ చెయ్యాలి' అనేవాళ్లు చాలామంది. 2019లో చట్టాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో ఏడాది చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి ఫలితాలొచ్చిన రెండు నెలల్లోపు మళ్లీ పెట్టి, అప్పటికీ తప్పితే అదే తరగతిలో ఉంచవచ్చు. అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లాంటి తన స్కూళ్ల కోసం కేంద్రం 2024 డిసెంబరులో నిబంధనలిచ్చింది.

నా సంగతి చెప్తా. నేను మీకంటే ఏడెనిమిదేళ్లు ముందు. ఏడో తరగతి కామన్ పరీక్షలు భయంభయంగా రాసి పాసైనవాణ్ని. బీటెక్‌లో మొదటి క్యాంపస్ టెస్టులో శాతాలు, నిష్పత్తుల దగ్గర బోల్తాపడ్డా. జావా వచ్చు, ఆరో తరగతి లెక్క రాదు! భయం నన్ను పాస్ చేయించింది గానీ లెక్క నేర్పలేదు.

ఇక మా అనంతపురం సంగతి. కళ్యాణదుర్గం వైపు మా వీధిలో ఓ కుర్రాడున్నాడు, ఆరో తరగతి. వేరుశనగ చేతికి రాని ఏడాది వాళ్లమ్మానాన్న బెంగళూరు బిల్డింగు పనులకు పోతారు. వీడూ వెంట వెళ్తాడు, వానలకి తిరిగొస్తాడు. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకి బి గ్రేడ్. 52లోంచి 27 తీసేయరా అంటే 35 అన్నాడు. చూడండి, అది గుడ్డిగా కొట్టిన జవాబు కాదు. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు తీశాడు. పక్కనుంచి పది అప్పు తెచ్చుకోవడం చెప్పిన నెలల్లో వీడు బెంగళూరులో ఉన్నాడు. (వాళ్లింట్లో తెలిసిన అప్పు వేరే!)

వీణ్ని ఐదులో ఆపి ఉంటే? మళ్లీ ఐదో తరగతి భిన్నాలే చెప్పేవాళ్లు, తీసివేత కాదు. రెండు నెలల్లోపు పెట్టే పరీక్ష వేసవి సెలవుల్లో పడేది, అప్పుడు వీడు ఊళ్లోనే ఉండడు. పై తరగతికి పంపినా, ఆపినా వాడి లోటు వాడి దగ్గరే ఉంటుంది. నిజానికి చట్టం నాలుగో సెక్షన్‌లో ఈ ఆలోచన ఉంది: బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ క్లాసులో చేర్చుకుని, మిగతావాళ్లతో సమానమయ్యేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్రం నమూనా నిబంధనల్లో దానికి మూడు నెలల నుంచి రెండేళ్ల గడువు. కానీ పట్టీలో పేరున్నంతకాలం మా కుర్రాడు చాలాసార్లు 'మానేసిన' లెక్కలోకే రాడు.

ఇది ఒక్క వలస పిల్లల గొడవా? 2024 ఏసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. అంటే టీచర్ ముందున్న క్లాసు పేరుకే మూడోది.

మరి గ్రేడ్ ఎక్కడిది? మీ ఎఫ్‌ఏలు గుర్తు తెచ్చుకోండి. 50 మార్కుల్లో స్లిప్ టెస్టుకి 20. మిగతా 30 క్లాసులో పాల్గొన్నందుకు, రాతపనులకు, ప్రాజెక్టుకు. ప్రాజెక్టు అంటే మనలో చాలామందికి నెట్ సెంటర్ ప్రింటే కదా. ఆలోచన మంచిదే, పిల్లాడు ఎక్కడ ఆగాడో రోజూ గమనించమని. చివరికి మిగిలింది మాత్రం నింపాల్సిన గడులు.

గమనించే పద్ధతి మనకు దగ్గర్లోనే పుట్టింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర్లో మొదలుపెట్టారు. ఒకే టీచర్, ఒకే గది, అన్ని వయసుల పిల్లలు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెనలా పేర్చారు. పిల్లాడు తానున్న మెట్టు నుంచి ఎక్కుతాడు. నెల రోజులు రాకపోతే వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలు. గేమ్‌లో సేవ్ చేసిన లెవెల్ లాంటిదన్నమాట. చెన్నై కార్పొరేషన్ టీచర్లు 2003 ప్రాంతంలో ఇక్కడ నేర్చుకెళ్లారు, తర్వాత అది తమిళనాడు అంతటా పాకింది.

మరి ఇంటర్‌లో మార్కుల్ని బట్టి సెక్షన్లు చేస్తారే, అదీ ఇదే కదా అంటారేమో. కాదు. అక్కడ టాప్ సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, చివరి సెక్షన్‌కి మిగిలినవాళ్లు. ఒకసారి పడితే రెండేళ్లు అదే ముద్ర. ప్రథమ్ సంస్థ పద్ధతిలోనూ మూడు నుంచి ఐదో తరగతి పిల్లల్ని స్థాయిని బట్టి కూర్చోబెడతారు, కానీ రోజులో గంటో రెండు గంటలో, నేర్చుకోగానే గుంపు మారుస్తూ. ఆ మార్చడమే లేకపోతే నేనైతే దీన్ని ఒప్పుకోను.

మీలో చాలామంది టెట్, డీఎస్సీ రాస్తున్నారు. 2025 మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. 'నిరంతర సమగ్ర మూల్యాంకనం' మీద బిట్లు బట్టీ పట్టే ఉంటారు. ఉద్యోగమొస్తే మొదటి వారం పుస్తకం తెరవకండి. ఒక్కొక్కర్నీ పిలిచి ఓ పేరా చదివించండి, ఓ తీసివేత చేయించండి, ఎవరు ఎక్కడున్నారో ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. సిలబస్ వెనకబడిందని పైనుంచి అడుగుతారు, నిజమే. ఆ నోట్‌బుక్కే చూపించండి.

మా కుర్రాడికి శనక్కాయలు పదేసి కుప్పలు పెట్టించి అప్పు తెచ్చుకోవడం చూపించా. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు మూడంకెల తీసివేతలు చేస్తున్నాడు. భాగహారం ఇంకా రాదు. జూన్‌లో ఏడో తరగతి.